పళ్ల గుర్తులున్న పిస్తోలు

మా అత్తగారు వాళ్ల నాన్నకు అసలైన కూతురేనా కాదా అన్నది ఇంకా తేలలేదని, పాత సైనిక పిస్తోళ్ల నిజనిర్ధారణ సంఘం తరఫున ప్రకటించడానికి చాలా సంతోషిస్తున్నాను. పిస్తోలు మాత్రం అసలైనదేనని తేలింది. ఈ రెండింటిలో ఏది ముఖ్యమో మీవంటి పెద్దలకు వేరే చెప్పనక్కర్లేదు.

నేను ఆ సంఘానికి సహాయ కార్యదర్శిని. ఫర్నిచర్ షాపు పైనున్న పొడుగాటి హాలు మాది. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, దాని చుట్టూ చేతులున్న కుర్చీలు, గోడవార బెంచీలు. ఇంట్లో అసలైన పిస్తోలు ఉందని సంఘం తేల్చిన సభ్యులు కుర్చీల్లో కూర్చుంటారు. తేలనివాళ్లు బెంచీల మీద సర్దుకుంటారు. సంఘం పుట్టిన నాటినుంచీ మినిట్సు రాస్తున్నది నేనే అయినా, మా వంశంలో ఎవరూ సైన్యం దరిదాపులకు పోకపోవడం వల్ల, బెంచీ మీద కూర్చుని ఒళ్లో అట్ట పెట్టుకుని రాసేవాణ్ణి. అందుకు నాకు బాధేమీ లేదు. నడుం నొప్పి మాత్రం ఉండేది.

పిస్తోలు అసలుదో నకిలీదో తేల్చడం మీరనుకున్నంత తేలిక కాదు. మొదట్లో మా సంఘం అమాయకంగా పిస్తోలును చూసి తేల్చేది. తళతళ మెరుస్తుంటే నకిలీ అనేవాళ్లం, యుద్ధానికి వెళ్లొచ్చిన వస్తువు మెరవదు కాబట్టి. తుప్పుపట్టి ఉంటే అదీ నకిలీయే, నిజమైన సైనికుడు ఆయుధానికి తుప్పు పట్టనివ్వడు కాబట్టి. కాస్త మెరుపూ కాస్త తుప్పూ ఉన్నవాటిని మరింత అనుమానంగా చూసేవాళ్లం. ఎవరో తీరిగ్గా కూర్చుని ఆలోచించి చేసినట్టుండేవి. గొట్టం మీదా, చట్రం మీదా, పిడి లోపలా ఉన్న నంబర్లు కలవకపోతే ముక్కలు ఏరుకొచ్చి అతికించారని తోసేసేవాళ్లం. అన్నీ కలిస్తే, అంత పెద్ద యుద్ధంలో ఒక్క ముక్కా మారలేదా అని నిలదీసేవాళ్లం. ఒక హెడ్మాస్టరుగారి పిస్తోలు పుస్తకంలో బొమ్మతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. పోలిక అంత దగ్గరగా ఉందంటే చూసి చేసిందేనని తీర్మానించాం. ఆయన ఏడ్చినంత పని చేశారు. పాపం, ఇప్పటికీ బెంచీ మీదే ఉన్నారు.

ఇలా తీర్పు మీద తీర్పు చెప్పుకుంటూ పోయేసరికి కుర్చీలన్నీ ఖాళీగానూ, బెంచీలన్నీ కిటకిటలాడుతూనూ తయారయ్యాయి. అప్పుడే మా అధ్యక్షులవారు శాస్త్రీయమైన మార్గం ఒకటి కనిపెట్టారు. ఆయన విశ్రాంత దంతవైద్యులు. పిస్తోలుకీ నోటికీ పెద్ద తేడా లేదన్నది ఆయన సిద్ధాంతం. రెండింటినీ తెరిచి చూస్తేగాని లోపలేముందో తెలియదు, రెండింట్లోంచీ వచ్చింది వెనక్కి పోదు. అందుకే పళ్లు చూసే చిన్న అద్దంతోనే గొట్టాలు చూస్తారు. ఆనాడు ఆయన లేచి, కళ్లజోడు తుడుచుకుని ఇలా సెలవిచ్చారు:

"సభ్యులారా, కత్తెర అసలైనదని ఎలా తెలుస్తుంది? కత్తిరిస్తే. గొడుగు అసలైనదని ఎలా తెలుస్తుంది? తడవకపోతే. సైనిక పిస్తోలు పనేమిటో మీకందరికీ తెలుసు. కాబట్టి ఇకమీదట మనం అడగవలసింది ఒక్కటే ప్రశ్న. దీనివల్ల ఎవరు పోయారు?"

చప్పట్లు మోగాయి. ఇనుము అబద్ధమాడొచ్చు గాని పోయినవాళ్ల తాలూకు వాళ్లు ఆడరు కదా అని అందరూ తలలూపారు. అంతటితో నిబంధన ఖాయమైంది. పిస్తోలు తెచ్చినవాళ్లు, దానివల్ల పోయిన మనిషి కుటుంబం నుంచి ఒకరిని వెంట తేవాలి. ఆ ఒక్కరు సభ ముందు నిలబడి, "అవునండీ, మావాడు దీంతోనే పోయాడు" అంటే చాలు, పిస్తోలు అసలుదే.

దాంతో మా వీధుల్లో పోయినవాళ్లకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. పలకరింపులే మారిపోయాయి. కనబడితే "పిల్లలు బాగున్నారా" అనడం మానేసి "మీ తాతలు ఎలా పోయారు" అని అడగసాగారు. జ్వరంతో పోయినవాళ్ల మనవలు మొహం చాటేశారు. మిల్లు వీధిలో ఒక కుటుంబం తమ పెదతాతను మూడు పిస్తోళ్లకు ఇచ్చింది. ఈ సంగతి సంఘం దృష్టికి వచ్చింది. క్షుణ్ణంగా విచారించి, ఆయన మూడుసార్లు పోయినంత ధైర్యవంతుడని అభినందన తీర్మానం చేశాం.

సరిగ్గా ఈ వేడిలోనే, మా అత్తగారి రేకు పెట్టెలో ఒక పిస్తోలు ఉందని మా ఆవిడ మాటల్లో చెప్పింది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ మాట దాచినందుకు నాకు ఒళ్లు మండింది. "నువ్వడిగావా?" అంది. నిజమే, పెట్టెలో ఏముందని ఏ అల్లుడు అడుగుతాడు? అడిగితే ఇంకో అర్థం వస్తుంది.

అత్తగారు వంటింటి గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారు. ఆ పీట మీద తప్ప ఆవిడ ఎక్కడా కూర్చోరు. సోఫా చూపిస్తే "నడుం ఒప్పుకోదు అల్లుడుగారూ" అంటారు. చేతులున్న కుర్చీ నా నడుం ఎంతగా కోరుకుంటోందో చెబితే అర్థం చేసుకుంటారనిపించింది. వినయంగా అడిగాను. ఆవిడ చేతులు కడుక్కుని వెళ్లి, పాత చీరముక్కలో చుట్టిన పిస్తోలు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఎప్పుడో పేలకుండా చేయించినదే, ముద్ర కూడా ఉంది.

"మా నాన్న సైన్యంలో సరుకుల గోదాము చూసేవారు. అందరికీ ఇచ్చినట్టే ఆయనకీ ఒకటిచ్చారు. ఒక్కసారీ పేల్చలేదట. సుత్తి ఎవరో ఎత్తుకుపోతే, దీని పిడితోనే పెట్టెలకు మేకులు కొట్టేవారు."

"అలాగా అత్తయ్యగారూ."

"ఈ పీటకు కూడా దీంతోనే కొట్టారు. కిటికీ నాకు అందేది కాదు, ఎక్కి చూస్తానని ఒకటే గొడవ చేసేదాన్నట. పెట్టె చెక్కలతో చేసిచ్చారు. నాలుగో కాలికి చెక్క చాల్లేదు." అంటూ పీటను ఒకసారి తడిమారు. "మా నాన్న ఎప్పుడూ ఒకే మాట చెప్పేవారు అల్లుడుగారూ. యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ అయ్యేదాకా ఉన్నానమ్మా, ఏ ఇంట్లోనూ ఏడుపు పెట్టకుండా వచ్చాను, నీకు నేనిచ్చే ఆస్తి అదే అనేవారు. మీ సంఘంవాళ్లు ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో పెట్టి పక్కన కార్డు రాస్తారట కదా. ఆ కార్డు మీద ఒక్క ముక్క రాయించండి. ఎవరినీ చంపలేదు అని. నాకింకేం వద్దు."

ఒక్క ముక్కే కదా అని మాటిచ్చేశాను.

పరీక్ష రోజున అధ్యక్షులవారు అలవాటు ప్రకారం పిస్తోలు కింద తెల్లగుడ్డ పరిచారు. ముందు ఉపాధ్యక్షులు వాసన చూశారు. ఆయన అత్తరు వ్యాపారి, వాసన బట్టి ఏ ఆయుధం ఏ యుద్ధానికి వెళ్లిందో చెప్పగలరు. గొట్టం దగ్గర ముక్కుపెట్టి, కళ్లు మూసుకుని, "వెల్లుల్లి" అన్నారు. అది ఏ యుద్ధమో సభకు తేలలేదు. తర్వాత అధ్యక్షులవారు అద్దం లోపలికి పెట్టి చూశారు. పంటిగార లేదు, పుచ్చు లేదు, గొట్టం కడిగిన గిన్నెలా ఉంది.

"ఇది నోరు తెరిచిన పాపాన పోలేదు" అన్నారు.

చేతులున్న కుర్చీ నా కళ్లముందే దూరమైపోయింది. మినిట్సులో "తిరస్కరించడమైనది" అని రాయడానికి పెన్ను మూత తీశాను కూడా. అంతలో అధ్యక్షులవారు పిస్తోలును తిప్పి, పిడి అడుగున వేలితో తడిమి, ఉలిక్కిపడ్డారు. అద్దం దగ్గరగా పెట్టారు. కళ్లజోడు తీశారు, మళ్లీ పెట్టుకున్నారు.

"సభ్యులారా, ఇవి పళ్ల గుర్తులు."

అందరూ కుర్చీల్లోంచి లేచారు. బెంచీల మీదివాళ్లు బెంచీలెక్కారు. పిడి అడుగున గుండ్రంగా, లోతుగా, వరసగా సొట్టలున్నాయి. జీవితమంతా నోళ్లు చూసిన మనిషికి సొట్ట కనిపిస్తే ఇంకేమని తోస్తుంది? "ఇది కోరపన్ను. ఇవి ముందుపళ్లు, పై వరస. ఇదిగో, ఇక్కడ దవడపన్ను. గుండు వృథా చేయని మహావీరుడండీ ఈయన. శత్రువు నోటిమీదే కొట్టారు. మళ్లీ మళ్లీ కొట్టారు." నేను నోరు విప్పి మేకుల సంగతి చెబుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కాని సహాయ కార్యదర్శి పని రాయడమే గాని మాట్లాడటం కాదు. నిబంధనలు నేనే కాదంటే ఎలా?

ఇక కావలసింది పళ్లు ఊడి ప్రాణం పోయిన ఒక మనిషి. దేవుడిలా దొరికాడు మా వీధి చివరి టైలరు. వాళ్ల ముత్తాత అవతలి పక్షం సైన్యంలో పనిచేశాడు. షాపులో గోడమీద ఆయన ఫొటో ఉంది, నోరు మూసుకుని ఉన్నాడు. అధ్యక్షులవారు స్వయంగా వచ్చి ఫొటోను భూతద్దంతో చూసి, పళ్లుంటే నోరెందుకు మూసుకుంటాడని అడిగారు.

"కాని మా ముత్తాత ముసలితనంలో నిద్రలో పోయారండీ" అన్నాడు, మెడలో టేపు సవరించుకుంటూ.

"నమలలేకపోయాడు కదా. నమలకపోతే నీరసం. నీరసం ముదిరితే చావు. కాకపోతే కాస్త నిదానంగా జరిగింది" అన్నారు అధ్యక్షులవారు.

టైలరు ఆలోచించాడు. కార్డు మీద పోయినవారి పేరు ఉండేచోట తన షాపు పేరు కూడా వేస్తే అభ్యంతరం లేదన్నాడు. ఆల్టరేషన్లు కూడా చేయబడును అన్న ముక్క చేర్చాలని పట్టుబడితే, అమరుల విషయంలో బేరాలు మర్యాద కాదని చెప్పి షాపు పేరుతో సరిపెట్టాం.

అందరూ సంతోషించారు, ఒక్క మా ఇంట్లో తప్ప. కార్డు ముసాయిదా నా చొక్కా జేబులో మా ఆవిడకు దొరికింది. "శత్రువును పిడిగుద్దులతో హతమార్చిన మహావీరుడి ఆయుధం" అని చదివి నా మొహంలోకి చూసింది. "మా అమ్మకు నువ్వే చెప్తావా, నేను చెప్పనా?" అంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను స్నానానికి వెళ్లాను. బయటికొచ్చేసరికి అత్తగారికి తెలిసిపోయింది. వెల్లుల్లి చాట అలాగే ఉంది, పీట ఖాళీగా ఉంది. ఆ పీట ఖాళీగా ఉండగా నేను చూడటం అదే మొదటిసారి.

ధ్రువీకరణ సభకు హాలు నిండిపోయింది. నన్ను పిలిచి చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ సుఖం ఏమని చెప్పను? మోచేతులకు ఒక ఆధారం దొరికితే మనిషి ఆలోచనలే మారిపోతాయి. అధ్యక్షులవారు ఉపన్యాసం అందుకున్నారు. "ఈనాటి యువతరానికి చేత్తో చేసే పని మీద గౌరవం లేదు. మన సహాయ కార్యదర్శిగారి ఇంటి తాతగారు అలా కాదు. దూరం నుంచి మీట నొక్కి తప్పుకోలేదు, దగ్గరకు వెళ్లి సొంత చేతులతో కష్టపడ్డారు" అంటున్నారు. టైలరు తనే కుట్టుకున్న కొత్త కోటు వేసుకుని, దుఃఖంగా ఉండటానికి ప్రయత్నిస్తూ ముందు వరసలో నిలబడ్డాడు.

అప్పుడు వచ్చారు మా అత్తగారు, చంకలో ముక్కాలిపీటతో. తిన్నగా నడిచి వచ్చి, పీటను ఆకుపచ్చ గుడ్డ మీద తిరగేసి పెట్టారు.

"అయ్యా, అవి పళ్లు కావు, మేకులు. ఇదిగో చూడండి. మా నాన్న దీంతోనే కొట్టారు. ఆయన ఎవరినీ కొట్టలేదు. ఇంట్లో పిల్లలం మమ్మల్నే ఎప్పుడూ కొట్టలేదు."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఉపాధ్యక్షులు పీటను వాసన చూసి, పిస్తోలు వాసనా దీని వాసనా ఒకటేనని ఒప్పుకున్నారు. ఒక్క క్షణం మా సంఘం చరిత్రలోనే ఎన్నడూ లేని ప్రమాదం ఏర్పడింది. బెంచీ మీద హెడ్మాస్టరుగారు చప్పట్లు కొట్టబోయారు కూడా. కాని అధ్యక్షులవారు తొణకలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఊరికే అనేవాళ్లు అంటారు గాని, ఆనాడు ఆయన ఎదుట ఉన్న పీటకు నిజంగానే మూడు కాళ్లు.

"మేకులు కొట్టిన చెయ్యి పళ్లు కొట్టలేదని రుజువేమిటమ్మా?" అన్నారు.

"ఆయనే చెప్పారండీ నాకు."

"గొప్పవాళ్లు తమ గొప్ప తాము చెప్పుకోరు. చెప్పలేదంటేనే చేశారని అర్థం. సరే, అసలు మీరెవరు?"

"ఆయన కూతుర్ని."

"అది మీరంటున్నారు. ఇది నిజనిర్ధారణ సంఘం. మీరు పుట్టినప్పుడు చూసినవాళ్లెవరైనా ఉన్నారా?"

"మా అమ్మ చూసింది."

"ఆవిడ వచ్చారా?"

"పోయింది కదండీ ఎప్పుడో."

"మా నాన్న పోలికే అంటారండీ నన్ను అందరూ" అని ఆవిడే మళ్లీ అన్నారు. ఆ మాట అనకుండా ఉండవలసింది. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పోలిక మరీ దగ్గరగా ఉంటే దానర్థమేమిటో మా సంఘంలో చిన్న సభ్యుడికి కూడా తెలుసు. తాతగారి ఫొటో తెప్పించి పక్కన పెట్టి చూశారు. ముక్కూ, నుదురూ, ఎడమ చెవి వంపూ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. హెడ్మాస్టరుగారి పిస్తోలుకు చెప్పిన తీర్పే ఇక్కడా వర్తిస్తుందని అత్తరాయన గుర్తు చేశారు. అయినా మా వాళ్లు తొందరపడి నకిలీ అనలేదు. సహాయ కార్యదర్శిగారు అల్లుడు కాబట్టి ఆయన సాక్ష్యం కూడా తీసుకుందామన్నారు.

అత్తగారు నా వైపు తిరిగారు. "మీరు చెప్పండి అల్లుడుగారూ" అన్నారు. ఆవిడ మొహంలో నా మీద ఇంకా నమ్మకం ఉంది. అది చూసి నాకు నిజంగా సిగ్గేసింది. లేచి నిలబడితే ఏమన్నా చెప్పి ఉండేవాణ్ణేమో, కాని కుర్చీకి చేతులుండటం వల్ల లేవడం కష్టమైంది. ఉన్నదున్నట్టు చెప్పాను. పెళ్లినాటికే ఆవిడ ఆ ఇంట్లో ఉన్నారని, అంతకుముందు సంగతి నాకు తెలియదని. ఒక్క అక్షరం అబద్ధం లేదు. మినిట్సులో కూడా అలాగే రాసుకున్నాను.

తీర్పు ఏకగ్రీవం. పిస్తోలు అసలైనది. తాతగారు మహావీరుడు. టైలరుగారి ముత్తాత అమరుడు. కూతురు అనుమానాస్పదం, మరింత విచారణ అవసరం. అత్తగారు కేకలు వెయ్యలేదు, ఏడవలేదు. "అంతమంది పెద్దలు కూర్చుని మా నాన్న చేత మనిషిని చంపించారు" అన్నారు, ఎవరితోనో చెబుతున్నట్టు. తర్వాత పీటను చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.

నిబంధనల ప్రకారం కుటుంబసభ్యులకు ప్రదర్శనశాలలో ప్రత్యేక ద్వారం ఉంది. మా అత్తగారి సంగతి విచారణలో ఉన్నందువల్ల ఆవిణ్ణి అటు రానివ్వరు. మామూలు జనంతో పాటు క్యూలో వస్తారు. అంతసేపు నిలబడలేరు కాబట్టి పీట తెచ్చుకుంటారు. మా ఆవిడ ఆ రోజు నుంచీ నాతో మాట్లాడటం లేదు. కూతురి సంగతి తేలితేగాని మనవరాలి సంగతి తేలదు కనుక, ఆ మౌనాన్ని నేను అధికారికంగా లెక్కలోకి తీసుకోవడం లేదు. వీధిలో మాత్రం మా ఇంటికి ఎన్నడూ లేని మర్యాద వచ్చింది. గోదాము చూసుకునే ఆయన మనవరాలని చులకనగా చూసినవాళ్లే ఇప్పుడు మా ఆవిడ ఎదురైతే పక్కకు జరిగి దారిస్తున్నారు. పాలవాడు నీళ్లు కలపడం మానేశాడు. చంపినవాళ్ల ఇంటికి ఆ మాత్రం చిక్కటి పాలు పోయాలన్న ఇంగితం అందరికీ ఉంది.

ప్రదర్శనశాల పొద్దుటినుంచి సాయంత్రందాకా తెరిచే ఉంటుంది, ప్రవేశం ఉచితం. మీరందరూ సకుటుంబంగా రావాలని సంఘం తరఫున కోరుతున్నాను. లోపలికి రాగానే జనం మొట్టమొదట అడిగే ప్రశ్న "ఇది ఎంతమందిని చంపిందండీ?" అన్నది కాబట్టి, ఆ అంకె కార్డు మీద పెద్దక్షరాల్లో వేయించాం. తాతగారి అద్దాల పెట్టె పక్కన ముక్కాలిపీట మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంటారు. మీరు వంగి కార్డు చదువుతుంటే "ఎవరినీ చంపలేదు బాబూ" అంటారు. కంగారుపడకండి, అంతకుమించి ఏమీ అనరు. ఆవిణ్ణి అక్కణ్ణుంచి పంపించేద్దామని కొందరు సభ్యులు అంటే, అవసరం లేదని నేనే అడ్డుపడ్డాను. ఇన్నాళ్లుగా వచ్చినవాళ్లలో ఆ మాట విని ఆగినవాళ్లు ఒక్కరూ లేరు. పక్క పెట్టెలో ఇద్దర్ని చంపింది ఉంది, అందరూ అటే వెళతారు. మీరూ అటే వెళతారని సంఘం నమ్మకం.